ఎత్తుగా పెరిగే పూల మొక్కలు: కాటేజ్ తోటకు ఏది పెట్టాలి?

కాటేజ్ తోట అంటే వరసలూ కొలతలూ లేకుండా, మధ్యలో ఖాళీ నేల కనపడకుండా, పూల మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగే తోట. ఇంగ్లండు పల్లెల్లో చిన్న ఇళ్ల ముందు పెరిగిన పద్ధతి ఇది. ఇలాంటి తోటలో నిలువెత్తు మొక్కలు తప్పకుండా ఉండాలి. అన్నీ మోకాలెత్తు పూలే అయితే ఎన్ని రంగులున్నా తోట నేలకు అతుక్కుపోయినట్టు ఉంటుంది. భుజం దాకా, తల దాకా లేచే పూలకంకులు నాలుగైదు చోట్ల ఉంటే అదే తోట నిండుగా కనిపిస్తుంది.

ఏది పెట్టాలి అన్న దగ్గర చాలామంది ఫొటో చూసి నిర్ణయం తీసుకుంటారు. ఎత్తు మొక్కల విషయంలో ముందు పువ్వును పక్కనపెట్టి కాడను చూడమంటాను. రెండు మీటర్ల మొక్క గాలివానకు ఒరిగిపోతే దాని పూలు పోవడంతో ఆగదు, పక్కనున్న చిన్న మొక్కలు కూడా దాని కింద నలిగిపోతాయి. అందుకే మొదట తేల్చుకోవాల్సిన సంగతులు ఇవి: ఆ చోట గాలి ఎంత, నేల తడిగా ఉంటుందా త్వరగా ఆరిపోతుందా, రోజుకు ఎన్ని గంటల ఎండ పడుతుంది, కర్రలు పాతి కట్టే తీరిక మీకు ఎంత ఉంది. ఇవి తేలితే సగం పేర్లు వాటంతటవే జాబితా నుంచి పోతాయి. మిగిలిన వాటిలో నచ్చిన రంగు ఎంచుకోవచ్చు.

ఇక్కడ చెప్పే మొక్కల్లో ఎక్కువ భాగం చలికాలంలో నేల గడ్డకట్టే చల్లని ప్రాంతాలకు అలవాటు పడ్డవి. అందుకే వేసవి అన్నప్పుడల్లా ఉత్తరార్ధగోళపు చల్లని దేశాల వేసవి, అంటే జూన్ నుంచి ఆగస్టు వరకు అని అనుకోండి. చలి పెద్దగా పడని చోట్ల గురించి తర్వాత విడిగా చెప్తాను.

ఎన్నేళ్లు బతుకుతుంది?

బహువార్షికాలు, అంటే పెరెన్నియల్స్ అని అమ్మే మొక్కలన్నీ ఒకే ఆయుష్షుతో ఉండవు. మామూలు ఊదా ఫాక్స్‌గ్లవ్ మొదటి ఏడాది ఆకులు వేసి, రెండో ఏడాది పూసి, విత్తనం రాల్చి చచ్చిపోతుంది. అది రెండేళ్ల మొక్క. హాలీహాక్ కూడా ఎక్కువగా రెండు మూడేళ్లకే బలం తగ్గిపోతుంది. లూపిన్ నాలుగైదేళ్లు బాగుంటుంది. ఫ్లాక్స్, హెలీనియం, వెరోనికాస్ట్రమ్, అకొనైటం లాంటివి మాత్రం నేల కుదిరితే ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటాయి, గుబురు పెరుగుతూ పోతుంది.

తక్కువ కాలం బతికేవాటిని వద్దనుకోనక్కర్లేదు. అవి విత్తనాలు రాల్చుకుని తామే మొలుస్తాయి. మీరు పెట్టిన చోట కాకుండా గోడ మొదట్లో, దారి పక్కన, గులాబీ పొద మధ్యలో లేస్తాయి. కాటేజ్ తోటకు ఆ అందం వచ్చేది సగం ఇలాంటి మొలకల వల్లే. ఎక్కడ పెట్టింది అక్కడే ఉండాలి, ప్రతి ఏడాదీ అదే చోట అదే రంగు కావాలి అనుకునేవాళ్లకు మాత్రం దీర్ఘకాలం బతికేవే సరైనవి. ఫాక్స్‌గ్లవ్ కావాలంటే వరసగా రెండేళ్లు విత్తండి. అలా చేస్తే ఒక జట్టు పూస్తున్నప్పుడు ఇంకో జట్టు ఆకుల దశలో ఉంటుంది, ఏ ఏడాదీ పూలు లేకుండా పోదు.

డెల్ఫీనియం, దాని బదులు పెట్టదగ్గవి

ముదురు నీలం నుంచి లేత ఆకాశనీలం దాకా, మనిషంత ఎత్తున, ఒత్తుగా పూలు పట్టిన కంకి. డెల్ఫీనియం అందం గురించి వాదన అనవసరం. నేను దాన్ని ఇష్టంగా పెంచమని చెప్తాను, కానీ అది అడిగే పని ముందే తెలుసుకుని పెట్టండి.

ఎలాటమ్ వర్గపు రకాలు 1.5 నుంచి 2 మీటర్లు పెరుగుతాయి. కాడ లోపల బోలుగా ఉంటుంది. వానకు తడిసి కంకి బరువెక్కాక పక్కనుంచి గాలి కొడితే ఆ కాడ మధ్యలో పుటుక్కున విరుగుతుంది. అందుకే ప్రతి కంకికీ విడిగా ఒక వెదురు కర్ర పాతి, మెత్తని పురికొసతో వదులుగా కట్టాలి. కర్ర కంకి మొదలు దాకా వస్తే చాలు. పైదాకా పెడితే గాలికి పూలు దానికి రాసుకుని చెడిపోతాయి. వసంతంలో లేత పిలకలు నేలలోంచి రాగానే నత్తలు వస్తాయి, ఒక్క రాత్రిలో మొత్తం కొరికేయగలవు. ముదురు గుబురులో పిలకలు జానెడు ఎత్తు వచ్చినప్పుడు బలమైనవి అయిదు నుంచి ఏడు ఉంచి మిగతావి తీసేయాలి, లేకపోతే కంకులు సన్నబడతాయి. నేల సారవంతంగా ఉండాలి, తేమ ఉండాలి, కానీ చలికాలంలో నీరు నిలవకూడదు. మొదటి పూత అయిపోగానే కంకి కోసేసి, నీళ్లూ ఎరువూ ఇస్తే వేసవి చివర్లో రెండోసారి పూస్తుంది. ఆ కంకులు కాస్త చిన్నవి.

డెల్ఫీనియంలోనే ఏ రకం అన్నది ముఖ్యం. విత్తనం ప్యాకెట్లలో ఎక్కువగా దొరికే పసిఫిక్ జెయింట్ రకాలను కాలిఫోర్నియాలో ఫ్రాంక్ రైనెల్ట్ తయారుచేశారు. పూలు భారీగా ఉంటాయి, ఆయుష్షు తక్కువ. రెండు మూడేళ్లలో మళ్లీ విత్తుకోవాల్సి వస్తుందని అనుకునే పెట్టండి. న్యూజిలాండ్ నుంచి వచ్చిన న్యూ మిలీనియం శ్రేణిలో కాడలు గట్టివి. పేరున్న ఎలాటమ్ రకాలను కొమ్మ కత్తిరింపులతో పెంచుతారు, మంచి నేలలో అవి ఎక్కువ కాలం ఉంటాయి. వీటన్నిటికన్నా నేను ఎక్కువమందికి చెప్పేది బెల్లడోనా వర్గం గురించి. ఎత్తు మీటరు, మహా అయితే 1.2 మీటర్లు. కంకి ఒత్తుగా ఉండదు, కొమ్మలు కొమ్మలుగా విడిపోయి పూస్తుంది. ఆ తేలికదనం వల్లే గాలికి ఊగుతుంది తప్ప విరగదు. క్లైవ్‌డెన్ బ్యూటీ అనే లేతనీలం రకం ఈ వర్గానిదే. బిగువైన ఎలాటమ్ కంకి కన్నా ఈ విడివిడి పూలే కాటేజ్ తోట తీరుకు బాగా కలుస్తాయని నా అభిప్రాయం.

కర్రలు, నత్తల టెన్షన్ వద్దు, నీలం మాత్రం కావాలి అంటే అకొనైటం ఉంది. 1.2 నుంచి 1.8 మీటర్ల ఎత్తు, గట్టి కాడలు, టోపీ ఆకారపు ముదురు నీలం పూలు. కొంచెం నీడను కూడా తట్టుకుంటుంది, నత్తలు దాని జోలికి పెద్దగా రావు. కార్మికేలీ జాతి రకాలైతే శరదృతువులో, మిగతా తోట అలసిపోయిన వేళ పూస్తాయి. ఇన్ని సుగుణాలున్నా అది తీవ్రమైన విషం. ఆయుర్వేదంలో వత్సనాభి అని వినిపించేది ఈ ప్రజాతి మొక్కే. ఆ విషయం కింద మళ్లీ వస్తుంది.

నీలం మీద పట్టుదల లేనివాళ్లకు వెరోనికాస్ట్రమ్‌ను మించింది లేదు. ఉత్తర అమెరికా తూర్పు భాగపు మొక్క, 1.2 నుంచి 1.8 మీటర్లు. సన్నని కొవ్వొత్తుల్లాంటి కంకులు, తెలుపు, లేత ఊదా, గులాబీ రంగుల్లో. కాడ చుట్టూ ఆకులు అంతస్తులు అంతస్తులుగా ఉండి పూయకముందు కూడా చూడముచ్చటగా ఉంటుంది. ఎండలో, తేమ ఉన్న నేలలో పెడితే కర్ర అడగదు. తేనెటీగలు విడిచిపెట్టవు. దీని లోపం ఒక్కటే, మొదటి రెండేళ్లు నెమ్మదిగా కదులుతుంది. నీడ ఎక్కువైతే మాత్రం ఇది కూడా ఒరుగుతుంది.

కాంపాన్యులా లాక్టిఫ్లోరా కూడా ఈ జట్టులో చెప్పుకోదగ్గదే. 1.5 మీటర్ల దాకా పెరిగి, లేత ఊదా గంటపూలు మేఘంలా కప్పేస్తుంది. పాత గులాబీల పక్కన బాగుంటుంది. సారం ఎక్కువైన నేలలో వాలుతుంది కనుక ఒక చుట్టు కంచె కావాలి.

డెల్ఫీనియం పెట్టేవాళ్లకు ఇంకో సంగతి. జూలైలో కంకి కోశాక అక్కడ పెద్ద ఖాళీ పడుతుంది. ఇంగ్లండులో తోటల రూపకర్త గెర్ట్రూడ్ జీకిల్ ఈ ఖాళీని దాచడానికి వెనక తీగబఠానీని, క్లెమాటిస్‌ను పెట్టి, పూత అయిన డెల్ఫీనియం కాడల మీదికి వాటిని లాగి పాకించేవారు. ఇప్పటికీ అంతకన్నా మంచి ఉపాయం లేదు. అంత పని వద్దంటే ముందు వరసలో ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎదిగే ఆస్టర్ పెట్టినా ఖాళీ కనపడదు.

హాలీహాకా, ఫాక్స్‌గ్లవా, వర్బాస్కమా?

ఈ మూడింటి మధ్య ఎంపిక నిజానికి చాలా సులువు, ఎందుకంటే మూడూ మూడు రకాల చోట్లకు పుట్టినవి.

ఎండ బాగా పడే గోడ ముందు, నీరు త్వరగా ఇంకే నేలలో హాలీహాక్. మందార కుటుంబపు మొక్క, పువ్వు చూస్తేనే తెలిసిపోతుంది. 1.5 నుంచి 2.5 మీటర్లు లేస్తుంది. తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి పెద్ద మొక్కను తవ్వి మార్చితే బతకడం కష్టం, చిన్నప్పుడే చోటు ఖాయం చేయాలి. దీనికి పెద్ద శత్రువు తుప్పు తెగులు. ఆకుల కింద నారింజ రంగు పొక్కులు లేచి, కిందినుంచి ఆకులు ఎండుతూ పైకి పోతుంది. మొక్క చావదు, పూస్తుంది, కానీ మోకాలు దాకా బోసిగా కనపడుతుంది. తెగులు పట్టిన ఆకులు ఎప్పటికప్పుడు తీసేయడం, పాత మొక్కలను ఏళ్ల తరబడి ఉంచకుండా కొత్తవి పెంచుకోవడం, మొక్కల మధ్య గాలి ఆడేలా దూరం ఉంచడం తప్ప నమ్మకమైన మందు లేదు. అంజూర ఆకుల్లాంటి ఆకులున్న ఫిసిఫోలియా జాతి, లేత పసుపు పూల రుగోసా జాతి ఈ తెగులును మెరుగ్గా తట్టుకుంటాయి, మామూలు హాలీహాక్ కన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి కూడా. మొదటిసారి పెట్టేవాళ్లు వీటితో మొదలుపెట్టడం మంచిది. ముద్దపూల రకాల జోలికి పోవద్దని కూడా చెప్తాను. రేకులు కుక్కినట్టుండే ఆ పువ్వులోకి తేనెటీగ దూరలేదు, వానకు అది ముద్దలా నానిపోతుంది. ఒంటిరేకు పువ్వులో వెలుతురు పడితే రంగు ఎలా వెలుగుతుందో చూసినవాళ్లకు ముద్దపువ్వు రుచించదు. ఏదైనా సరే, ముందు నడుమెత్తు మొక్క ఒకటి పెట్టి ఆ బోసి కాళ్లను కప్పండి.

చెట్ల కింద పలుచని నీడ ఉంటే ఫాక్స్‌గ్లవ్. మీటరు నుంచి ఒకటిన్నర మీటర్లు, అనుకూలిస్తే ఇంకా ఎక్కువ. పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుతాయి, తుమ్మెదలు కూడా అదే క్రమంలో కింది గంట నుంచి పైకి ఎక్కుతూ పోతాయి. విత్తనం దుమ్మంత సన్నం, మొలకెత్తడానికి వెలుతురు కావాలి కనుక మట్టి కప్పకుండా పైన చల్లి వదిలేయాలి. ఏటేటా విత్తే పని వద్దంటే లేత పసుపు గ్రాండిఫ్లోరా జాతిని పెట్టుకోవచ్చు. ఎత్తు మీటరు లోపే, కానీ కొన్నేళ్లు ఉంటుంది. తుప్పు రంగు పూల ఫెరుజీనియా ఒకటిన్నర మీటర్ల దాకా సన్నగా, నిటారుగా నిలబడుతుంది. దాని గురించి ఎక్కువగా చెప్పుకోరు గానీ, రంగుల హడావిడి మధ్య ఆ గోధుమ కంకి ఎంతో హుందాగా ఉంటుంది.

రాళ్లూ ఇసుకా ఉన్న బీద నేల, మండే ఎండ, నీళ్లు పోసే వీలు లేదు అంటే వర్బాస్కమ్. ఒలింపికమ్ జాతి రెండు మీటర్ల దీపస్తంభంలా పసుపు పూలతో లేస్తుంది, పూసి చచ్చిపోతుంది. చైక్సీ జాతి మీటరు పైచిలుకు, కొన్నేళ్లు బతుకుతుంది. వర్బాస్కమ్‌కు ఎరువు పెడితే మేలు కన్నా కీడే ఎక్కువ, మెత్తగా పెరిగి వాలిపోతుంది.

లూపిన్ కూడా ఇక్కడే చెప్పాలి. యార్క్‌కు చెందిన జార్జ్ రసెల్ తయారుచేసిన రెండు రంగుల లూపిన్లు 1937లో ప్రదర్శనకు వచ్చాయి, ఇవాళ తోటల్లో కనపడేవి చాలావరకు వాటి సంతానమే. కొంచెం ఆమ్లగుణం ఉన్న, నీరు నిలవని నేల కావాలి. సున్నం ఎక్కువున్న నేలలో ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. పేనుబంక విపరీతంగా పడుతుంది. పూశాక మొక్క అందవికారంగా ఉంటుంది కాబట్టి మడి మధ్యలో పెట్టి, తర్వాత పెరిగే మొక్కలతో కప్పాలి. మీ నేల ఆమ్లనేల కాకపోతే దీన్ని దాటి వెళ్లిపోవడమే ఉత్తమం.

వేసవి చివరి పూలు

జూన్ పూల మీద మోజుతో మొక్కలన్నీ కొనేస్తే ఆగస్టులో తోట బోసిపోతుంది. బడ్జెట్‌లో సగం రెండో సగపు వేసవికి దాచమని గట్టిగా చెప్తాను.

సువాసన కావాలంటే ఫ్లాక్స్ పానిక్యులాటా. 90 నుంచి 120 సెంటీమీటర్లు, సాయంత్రం గాలికి తీపి వాసన. నేల ఆరిపోతే వెంటనే బూడిద తెగులు పడుతుంది, ఆకులు తెల్లగా పొడి చల్లినట్టు అవుతాయి. కాబట్టి తేమ నిలిచే నేల, వేర్ల దగ్గర కంపోస్టు మందంగా పరవడం తప్పనిసరి. రకాల ఎంపిక ఇక్కడ చాలా తేడా తెస్తుంది. తెల్లపూల డేవిడ్ ఈ తెగులును బాగా తట్టుకుంటుంది, అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 2002లో దాన్ని ఆ ఏటి మొక్కగా ఎంచుకుంది. టెన్నెసీలో దొరికిన జీనా అనే రకానికి అదే గౌరవం 2024లో దక్కింది. జీనా పూలు చిన్నవి, కానీ గుత్తి పెద్దది, ఆకులు శుభ్రంగా ఉంటాయి, డెలావేర్‌లోని మౌంట్ క్యూబా సెంటర్ పరీక్షల్లో సీతాకోకచిలుకలు మిగతా ఫ్లాక్స్‌లన్నిటి కన్నా దాని మీదే ఎక్కువగా వాలాయి. రెండింటిలో ఒకటే కావాలంటే నేను జీనా తీసుకుంటాను.

ఎరుపు, నారింజ, ఇటుక రంగులకు హెలీనియం. తడి నేలలో రెండు మీటర్ల పొదలా కావాలంటే జో పై వీడ్ అని పిలిచే యూట్రోకియం. సన్నని తోటకు అది పెద్దదైపోతుంది, వెనక వరసలో చోటున్నవాళ్లకు మాత్రం సీతాకోకచిలుకల కోసమైనా పెట్టమంటాను. పసుపు రుడ్‌బెకియా హెర్బ్‌స్ట్‌సోన్ కూడా రెండు మీటర్లదే. ఆస్టర్లలో న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ అడగండి, న్యూయార్క్ ఆస్టర్ అడగకండి. మొదటిది బూడిద తెగులుకు లొంగదు, రెండోది ఏటా లొంగుతుంది.

నీడలో అయితే వేసవి మొదట్లో అరంకస్, చివర్లో ఆక్టియా. అరంకస్ మీగడ రంగు కుచ్చులతో ఒకటిన్నర, రెండు మీటర్ల పొదలా నిలుస్తుంది. దానికి కర్ర, మందు, ఎరువు ఏదీ అక్కర్లేదు. నేల తడి ఉంటే చాలు. ఆక్టియా తెల్లని కుంచె పూలతో, కొన్ని రకాల్లో నల్లటి ఆకులతో అపురూపంగా ఉంటుంది గానీ ఎదగడానికి ఏళ్లు తీసుకుంటుంది.

అవతల కనిపించే మొక్కలు

ఎత్తువి వెనక, పొట్టివి ముందు అన్న సూత్రాన్ని కొన్ని మొక్కల విషయంలో హాయిగా పక్కనపెట్టొచ్చు. వెర్బీనా బొనారియెన్సిస్ ఒకటిన్నర, రెండు మీటర్లు పెరిగినా ఆకులు దాదాపు ఉండవు. సన్నని పలకల కాడ, చివర ఊదా రంగు చిన్న గుత్తి. దాని గుండా అవతలి పూలు కనపడతాయి, అందుకే దారి పక్కనే ముందు వరసలో పెట్టొచ్చు. జూలై నుంచి మంచు పడేదాకా పూస్తుంది. గట్టి చలికి చచ్చిపోయినా రాలిన విత్తనం మళ్లీ మొలుస్తుంది. చిన్న తోట ఉన్నవాళ్లు ఎత్తు మొక్క ఒక్కటే పెట్టగలిగితే అది ఇదే కావాలన్నది నా మాట.

థాలిక్ట్రమ్ డెలవాయి ఊదా చుక్కల తెర లాంటిది, కొంచెం నీడ, తేమ కావాలి. కాడ మరీ సన్నం కనుక పక్కన ఆసరా ఇవ్వగల మొక్క ఉండాలి. థాలిక్ట్రమ్‌లలోనే ఎలిన్ అనే మరో రకం రెండున్నర మీటర్లు దాటి కూడా బాగానే నిలబడుతుంది. లేత పసుపు సెఫలేరియా జైగాంటియా పైకి తేలికగా కనపడినా కింద ఆకుల గుబురు మీటరు వెడల్పు ఆక్రమిస్తుంది. ముందు వరసకు అది పనికిరాదు.

గాలి, కర్ర, కత్తెర

గాలి ఎక్కువున్న చోట గట్టి గోడ కట్టినా, పలకల కంచె వేసినా పూర్తిగా ఆగదు. గాలి దాని మీద నుంచి దూకి ఇవతల సుడి తిరుగుతుంది. మొక్కల దడి అయితే గాలిని వడగట్టినట్టు నెమ్మదింపజేస్తుంది. దడి లేకపోతే, బరువైన కంకులుండేవాటిలో 1.2 మీటర్లు దాటని రకాలకే పరిమితం కండి.

కర్రల విషయంలో అందరూ ఆలస్యం చేస్తారు. ఒరిగిన మొక్కను లేపి కట్టకట్టితే మళ్లీ దాని తీరు రాదు, కొసలు వంకర తిరిగే ఉంటాయి. గుబురుగా పెరిగే హెలీనియం, కాంపాన్యులా, ఫ్లాక్స్ లాంటివాటికి కొమ్మల పుల్లలు చుట్టూ గుచ్చినా, ఇనుప చట్రం పెట్టినా మొక్క దాని గుండా పెరిగి కప్పేస్తుంది. ఒక్కో కంకిగా లేచే డెల్ఫీనియానికే విడి కర్రలు. నత్రజని ఎక్కువున్న ఎరువులు తగ్గిస్తే సగం మొక్కలకు ఆసరాయే అక్కర్లేదు. కొవ్వెక్కిన కాడ ముందు ఒరుగుతుంది.

కత్తెరతో చేసే ఉపాయం ఇంకోటి ఉంది. లండన్‌లో మే చివర్లో చెల్సీ పూల ప్రదర్శన జరిగే రోజుల్లో చేస్తారు కాబట్టి దీనికి చెల్సీ చాప్ అని పేరు. ఫ్లాక్స్, హెలీనియం, ఆస్టర్, కాంపాన్యులా లాక్టిఫ్లోరా మొక్కలను అప్పుడు మూడో వంతు కత్తిరిస్తే కొమ్మలు వేసి, పొట్టిగా, గట్టిగా పెరిగి, కొన్ని వారాలు ఆలస్యంగా పూస్తాయి. గుబురులో సగం కాడలే కత్తిరిస్తే పూత రెండు విడతలుగా సాగుతుంది. డెల్ఫీనియం, ఫాక్స్‌గ్లవ్, లూపిన్, హాలీహాక్‌లకు ఈ పని అస్సలు చేయకండి, ఆ ఏటి ప్రధాన కంకి పోతుంది. అంటే కత్తెరతో ఎత్తు తగ్గించుకోగలిగినవి కొన్ని, తగ్గించలేనివి కొన్ని. గాలి చోట మొక్క ఎంచుకునేటప్పుడు ఈ తేడా చాలా పనికొస్తుంది.

పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇల్లు

అకొనైటం ప్రతి భాగం విషమే, వేరు మరీ ఎక్కువ. చర్మం ద్వారా కూడా లోపలికి పోతుంది కనుక ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. ఫాక్స్‌గ్లవ్ గుండె లయను దెబ్బతీస్తుంది. గుండె మందు డిగాక్సిన్ దీని దగ్గరి బంధువైన లనాటా జాతి నుంచే తీస్తారు. పూయకముందు ఫాక్స్‌గ్లవ్ ఆకులు తినదగ్గ ఆకుల్లా కనపడతాయి కాబట్టి ఆకుకూరలు, మూలికల మడి పక్కన దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు. డెల్ఫీనియం, ముఖ్యంగా లేత మొక్కలు, గింజలు విషం. లూపిన్ గింజలు కూడా అంతే, కాయ చూడ్డానికి చిక్కుడుకాయలా ఉండి పిల్లల్ని ఆకర్షిస్తుంది. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే అకొనైటాన్ని కొన్నేళ్లు వాయిదా వేయండి. వెరోనికాస్ట్రమ్, ఫ్లాక్స్, హాలీహాక్, వెర్బీనాలతో నిశ్చింతగా తోట నింపొచ్చు.

చలి పడని ప్రాంతాల్లో

ఫాక్స్‌గ్లవ్ లాంటి మొక్కలకు పూత రావాలంటే ఒక చలికాలం గడవాలి. డెల్ఫీనియం వేడి రాత్రులకు కుంగిపోతుంది. చలి తగలని చోట వీటిని బహువార్షికాలుగా పెంచాలని పట్టుబడితే డబ్బూ శ్రమా వృథా. అక్కడ డెల్ఫీనియం బదులు దాని ఏకవార్షిక బంధువు లార్క్‌స్పర్‌ను చల్లని నెలల్లో విత్తుకోవచ్చు. హాలీహాక్‌ను కూడా అలాగే ఆ ఏటి పంటగా పెంచొచ్చు. ఏళ్ల తరబడి ఉండే ఎత్తు పూలకు సాల్వియాలు నమ్మదగ్గవి. మెక్సికో నుంచి వచ్చిన ల్యూకాంథా ముఖమల్ ఊదా కంకులతో మీటరు దాటుతుంది. గౌరా తెల్లని సీతాకోకల్లాంటి పూలతో వేడినీ ఎండునూ ఓర్చుకుంటుంది. తేమ ఉన్నచోట మెట్టతామర. వెర్బీనా బొనారియెన్సిస్ వెచ్చని చోట్ల కూడా బాగా వస్తుంది, కొన్ని దేశాల్లో మరీ బాగా వచ్చి కలుపుగా మారింది. న్యూజిలాండ్‌లో లూపిన్ నదుల ఒడ్డులను ఇలాగే ఆక్రమించింది. పొలాలకో వాగుకో ఆనుకున్న తోటైతే మీ ప్రాంతపు కలుపు మొక్కల జాబితా చూసి తర్వాతే విత్తండి.

నేను ఎలా ఎంచుతానంటే

ఎండ, మంచి నేల, కొంచెం గాలి మరుగు, వారానికి కొన్ని గంటల తీరిక ఉంటే బెల్లడోనా డెల్ఫీనియం మూడు, వెనక వెరోనికాస్ట్రమ్, పక్కన జీనా ఫ్లాక్స్, వాటి మధ్య వెర్బీనా. తీరిక లేకపోతే అందులోంచి డెల్ఫీనియం తీసేసి హెలీనియం. గాలి చోట, బీద నేలలో వర్బాస్కమ్, వెర్బీనా, గోడ ఉంటే రుగోసా హాలీహాక్. నీడలో ఫాక్స్‌గ్లవ్, అరంకస్, వాటికి తోడు ఓపికుంటే ఆక్టియా. బంకమట్టి తడిగా ఉండే చోట యూట్రోకియం, న్యూ ఇంగ్లండ్ ఆస్టర్.

ఏదైనా ఒక్కో రకం ఒక్కో మొక్క కొనకుండా ఒకే రకం మూడు కొని దగ్గరగా, 45 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. ఒంటరి ఎత్తు మొక్క మడిలో ఎక్కడో దారితప్పినట్టు కనిపిస్తుంది. పూతలో ఉన్న పెద్ద కుండీ మొక్క కన్నా 9 సెంటీమీటర్ల చిన్న కుండీలోది మంచిది, రెండో ఏటికి రెండూ ఒకే ఎత్తుకు వస్తాయి. ఇసుక నేలలో శరదృతువులో నాటండి, బంకమట్టిలో వసంతం దాకా ఆగండి. మొదటి వేసవి అంతా వారానికోసారి వేర్ల దాకా దిగేలా నీళ్లు పోయాలి. కర్రలు, చట్రాలు మాత్రం మొక్క మోకాలెత్తు రాకముందే పెట్టేయండి.